చిరాన్ మహల్ ఎవరిది?

ఫజర్ నమాజ్ తర్వాత కేబీఆర్ పార్కులో నడవడం నాకు ఏడాదిగా అలవాటు. షౌక్ కాదు, షుగర్. డాక్టర్ గారి హుకుం.

అక్కడ నడకలో పరిచయమైన ఒక పెద్దాయన ఉన్నారు. రిటైరైన ఇంజినీరు. మంచి మనిషి. రంజాన్ వస్తే హలీమ్ ఈసారి ఎక్కడ బాగుందని నన్నే అడుగుతారు. మొన్న ఒక ఉదయం నడుస్తూ నడుస్తూ ఆగి, చెట్ల వెనక చిరాన్ ప్యాలెస్ ఉన్న వైపు చెయ్యి చూపించారు. "భాయ్, ఆ బంగ్లా మీవాళ్ళదే కదా? అలా వదిలేశారేంటి?" అన్నారు.

ఆయన మాటలో దురుద్దేశం ఏమీ లేదు. నేను కూడా నవ్వి, "అవును సార్, నిజాం గారి మనవడిది" అని ఊరుకున్నాను. కానీ ఇంటికి వచ్చేదాకా ఆ "మీవాళ్ళు" అనే మాట చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది. మా నానా మల్లేపల్లిలో మోటారు మెకానిక్. చనిపోయేదాకా కిరాయి ఇంట్లోనే ఉన్నాడు. మా ఖాన్‌దాన్‌లో ఎవరూ చిరాన్ మహల్ దర్వాజా దాటలేదు. మరి అది మావాళ్ళది ఎలా అయింది? మావాళ్ళది కాకపోతే ఎవరిది?

ఈ సవాల్‌కి జవాబు కోసం ఆ ఇంటి తారీఖ్ మొత్తం ఒకసారి తిరగేశాను. నాకు దొరికింది మీ ముందు పెడుతున్నాను.

ముందు ఆ నేల సంగతి. ఇప్పుడు బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ అంటే మనకు అద్దాల భవనాలు, నగల దుకాణాలు, సినిమావాళ్ళ ఇళ్ళు గుర్తొస్తాయి. వందేళ్ళ కిందట అదంతా రాళ్ళూ, సీతాఫలం పొదలూ, ముళ్ళకంపలూ. షహర్ మూసీ ఒడ్డున ఉండేది. హుస్సేన్ సాగర్ అవతల, పడమటి దిక్కున ఉన్నది వీరానా. బంజారాలు, అంటే మన లంబాడా జనం, అక్కడ ఉండేవారు కాబట్టే ఆ గుట్టలకు ఆ పేరు వచ్చింది. అక్కడ ఇల్లు కట్టుకుని, మిగతావాళ్ళకు దారి చూపించిన మనిషి నవాబ్ మెహదీ నవాజ్ జంగ్. బండను పగలగొట్టకుండా, బండనే గోడగా చేసుకుని ఆయన కట్టుకున్న ఇంటికి బంజారా భవన్ అని పేరు. ఈయనే తర్వాత 1960లో గుజరాత్ రాష్ట్రానికి మొట్టమొదటి గవర్నర్ అయ్యారు. రెడ్ హిల్స్‌లో ఉన్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఆయన పేరు మీదే ఉంది. పేరు రోజూ వింటాం. మనిషి ఎవరో మరిచిపోతాం. మన షహర్‌కి ఇదొక అలవాటు.

ఆ గుట్టల మీదే, ఇంకా పడమరకు, 1940 ప్రాంతంలో చిరాన్ ప్యాలెస్ లేచింది. చుట్టూ సుమారు 400 ఎకరాల అడవి. మహల్ అనగానే ఫలక్‌నుమా లాంటి ఠీవిని ఊహించుకోకండి. ఇది దర్బారు నడపడానికి కట్టింది కాదు. షహర్ రద్దీకి దూరంగా, చెట్ల మధ్య, ఆరాంగా ఉండటానికి కట్టుకున్న ఇల్లు. మహల్‌తో పాటు మోర్ బంగ్లా అని ఒకటి, గోల్ బంగ్లా అని ఒకటి ఉన్నాయి. పశువుల కొట్టాలు, గుర్రపు సాలలు, బావులు, నీళ్ళ ట్యాంకులు, మోటారు గ్యారేజీ, బండ్లు బాగుచేసే వర్క్‌షాపు, చివరికి సొంత పెట్రోలు పంపు కూడా. మోర్ అంటే నెమలి. పార్కులో ఈ రోజు మీ ముందు నుంచి తాపీగా నడిచివెళ్ళే నెమళ్ళకు ఆ ఇంటితో పాత దోస్తీ ఉందన్నమాట.

ఇక ఆ ఇంట్లో ఉన్న మనిషి సంగతి. దానికి ముందు ఒక పెళ్ళి గురించి చెప్పాలి.

1924లో టర్కీ ఖిలాఫత్‌ను రద్దు చేసింది. ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ గారిని కుటుంబంతో సహా దేశం దాటించింది. ఉస్మానీ సల్తనత్ వారసుడు ఫ్రాన్స్‌లో నీస్ పట్టణంలో జలావతన్‌గా బతకాల్సి వచ్చింది. ఆయనకు నెలకు 300 పౌండ్ల వజీఫా పంపినవాడు మన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. తర్వాత ఖిలాఫత్ ఉద్యమ నాయకుడు మౌలానా షౌకత్ అలీ మధ్యవర్తిగా ఒక రిష్తా కుదిరింది. 1931 నవంబరులో నీస్‌లో ఖలీఫా కూతురు దుర్రె షహ్‌వార్‌కు నిజాం పెద్ద కొడుకు ఆజం జాతో నికాహ్ అయింది. అదే రోజు ఉస్మానీ ఖాన్‌దాన్‌కే చెందిన నీలోఫర్‌కు రెండో కొడుకు ముఅజ్జం జాతో అయింది. నీలోఫర్ పేరు మీద ఆసుపత్రి ఉంది కాబట్టి ఆమె మన నోళ్ళలో నిలిచింది. దుర్రె షహ్‌వార్ పేరుతోనూ పాతబస్తీ పురానీ హవేలీలో పిల్లల ఆసుపత్రి ఉంది.

1933 అక్టోబరు 6న నీస్‌లోనే దుర్రె షహ్‌వార్‌కు కొడుకు పుట్టాడు. అతనే ముకర్రం జా. తండ్రి వైపు ఆసఫ్ జాహీ, తల్లి వైపు ఉస్మానీ. ఒక తాత ప్రపంచంలోనే అందరికన్నా ధనవంతుడని పేరు పొందినవాడు. ఇంకో తాత తఖ్త్ పోగొట్టుకుని పరాయి దేశంలో బొమ్మలు గీసుకుంటూ బతికినవాడు. అబ్దుల్ మజీద్ గారు నిజంగానే మంచి చిత్రకారుడు. ఈ పిల్లవాడి నసీబ్‌లో ఇద్దరు తాతల హిస్సా ఉన్నట్టుంది. మొదటి తాత జాయిదాద్ వచ్చింది, రెండో తాత లాగే వతన్‌కు దూరంగా పోవాల్సీ వచ్చింది.

చదువు డూన్ స్కూలు, తర్వాత ఇంగ్లండులో హారో, కేంబ్రిడ్జి, శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాల. కొన్నాళ్ళు పండిట్ నెహ్రూకు గౌరవ ఏడీసీగా ఉన్నాడు. ఈలోగా ఉస్మాన్ అలీ ఖాన్ కొడుకు ఆజం జాను పక్కన పెట్టి, మనవడినే తన వారిస్‌గా ప్రకటించారు. 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో ఉస్మాన్ అలీ ఖాన్ ఇంతెఖాల్ అయ్యారు. ఏప్రిల్ 6న చౌమహల్లాలో ముకర్రం జాకు దస్తార్ కట్టారు. అప్పటికి రియాసత్ లేదు. 1948 సెప్టెంబరుతోనే అది అయిపోయింది. భారత ప్రభుత్వం గుర్తించిన బిరుదు, దానితో వచ్చే రాజభరణం, తాత వదిలివెళ్ళిన జాయిదాద్, అంతకు మించిన తగాదాలు. అవే మిగిలాయి.

అప్పుడు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఎవరో తెలుసా? కాసు బ్రహ్మానంద రెడ్డి గారు. 1964 నుంచి 1971 దాకా ఆయనే. ఈ రోజు పార్కుకు ఉన్న పేరు ఆయనదే. ఎనిమిదో నిజాం ఇల్లు, అతను తఖ్త్ ఎక్కిన నాటి ముఖ్యమంత్రి పేరున్న పార్కులో ఉంది. ఎవరూ కావాలని చేసింది కాదు, కాలం అలా తెచ్చి కలిపింది.

దస్తార్ కట్టుకున్న ముకర్రం జా తాతగారి కింగ్ కోఠీలో కాపురం పెట్టలేదు. చౌమహల్లాలో కూడా కాదు. వచ్చి గుట్టల మీద చిరాన్‌లో ఉన్నాడు. ఆయనకు రాజ్యం కన్నా ఇంజన్ల మీద ఇష్కు ఎక్కువని ఆయన గురించి రాసినవాళ్ళందరూ చెప్తారు. పాడైన కారును విప్పి, చేతులకు గ్రీజు పూసుకుని, తిరిగి నడిచేలా చేయడం ఆయనకు పండగ. ఆ ఇంట్లో గ్యారేజీ, వర్క్‌షాపు, పెట్రోలు పంపు ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది కదా. మా నానా ఈ సంగతి ఎక్కడో విని, "వో భీ అప్నా బిరాదరీ కా ఆద్మీ హై" అని నవ్వేవాడట. బిరాదరీ అంటే మెకానిక్కుల బిరాదరీ. అమ్మీ ఇప్పటికీ చెప్తుంది.

కానీ విరాసత్ అంటే కార్లూ తోటలే కాదు. తాతగారి నుంచి ముకర్రం జాకు వచ్చిన వాటిలో 14,000 మందికి పైగా నౌకర్లూ వాళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళూ ఉన్నారు. తాతగారి సంతానం, వాళ్ళ సంతానం, హిస్సాల కోసం ముఖద్దమాల మీద ముఖద్దమాలు. పన్నుల నోటీసులు. అంతలో 1971 డిసెంబరులో ఇరవై ఆరో రాజ్యాంగ సవరణ వచ్చింది. బిరుదులూ పోయాయి, రాజభరణాలూ పోయాయి. 1970ల మొదట్లో ఆయన ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. పశ్చిమాన మర్చిసన్ హౌస్ స్టేషన్ అనే గొర్రెల ఫారం కొన్నాడు. అక్కడ బుల్డోజర్లు నడుపుకుంటూ బతికాడు. ఆఖరికి అదీ అప్పుల్లో చేజారితే, అమ్మగారి వతన్ టర్కీ చేరాడు.

మాలిక్ సముద్రాలు దాటి పోయాడు. చిరాన్ మాత్రం ఇక్కడే ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ ఖాన్‌దాన్‌కు హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్ళు. వాటి నసీబ్ ఒక్కో రకంగా తిరిగింది. ఆజం జా ఉన్న బెల్లా విస్టా అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ అయింది. పురానీ హవేలీలో ముకర్రం జా ట్రస్టు బడి నడుస్తోంది. ఫలక్‌నుమా 2010లో తాజ్ హోటలైంది. చౌమహల్లాను ముకర్రం జా మొదటి భార్య ప్రిన్సెస్ ఎస్రా పూనుకుని బాగుచేయించారు. 2005 నుంచి మామూలు మనుషులు టికెట్టు కొనుక్కుని వెళ్ళి చూస్తున్నారు. యునెస్కో కూడా ఆ పనిని మెచ్చుకుని అవార్డు ఇచ్చింది. బడి, హోటలు, మ్యూజియం, ఏదో ఒక ఉపయోగం దొరికిన ఇల్లు బతికిపోయింది. చిరాన్‌కు అలాంటి ఉపయోగమేదీ దొరకలేదు. ఇల్లు ఉంది, మాలిక్ లేడు. చుట్టూ అడవి పెరిగింది.

పెరిగిన ఆ అడవే ఇప్పుడు మన పార్కు. ఇక్కడ తారీఖ్‌లో ఒక వింత ఉంది, దాన్ని కొంచెం నెమ్మదిగా చెప్తాను.

1976లో పట్టణ భూ పరిమితి చట్టం వచ్చింది. ఒక మనిషి చేతిలో షహర్‌లో ఇంత భూమి ఉండటానికి వీల్లేదని దాని సారాంశం. చిరాన్ చుట్టూ ఉన్న భూమి ఆ లెక్కలోకి వచ్చింది. 1998లో ప్రభుత్వం సుమారు 390 ఎకరాలను జాతీయ వనంగా ప్రకటించింది. కారణం సాదాసీదాగా చెప్పారు. తెలంగాణ ప్రాంతపు సహజమైన చెట్టూ చేమా షహర్ మధ్యలో మిగిలిన చోటు ఇదొక్కటే, దీన్ని కాపాడాలి. 600 రకాలకు పైగా మొక్కలు, 140 రకాల పక్షులు, 30 రకాల సీతాకోకచిలుకలూ పాములూ బల్లులూ ఉన్నాయని లెక్క తేల్చారు. మహల్, దాని తాలూకు కట్టడాలు ఉన్నది ఆరెకరాల పైచిలుకు మాత్రమే.

ఇప్పుడు ఆలోచించండి. ఆ గుట్టల మీద ప్రతి బండనూ పేల్చి ఇల్లు కట్టారు. ఒక్కో గజం లక్షలు పలుకుతుంది. అంత ఆశ మధ్య 390 ఎకరాల అడవి ఎలా మిగిలింది? మొదట ఒక షహజాదా గోడ కట్టి ఎవరినీ రానివ్వలేదు కాబట్టి. తర్వాత ఆ షహజాదా అమ్ముకోవడానికి కూడా దగ్గర లేడు కాబట్టి. ఆఖరికి 1972 వన్యప్రాణి చట్టం కింద తాళం పడింది కాబట్టి. ఒక తాళం తుప్పుపట్టేసరికి ఇంకో తాళం వచ్చింది. వనస్థలిపురంలో ఉన్న జింకల పార్కు కథా ఇంచుమించు ఇదే. అదీ ఒకప్పుడు నిజాం షికార్‌గాహ్. షికారు కోసం దాచుకున్న అడవిలో ఇప్పుడు జింకలు నిర్భయంగా తిరుగుతున్నాయి. జంతువులను కాల్చడానికి దాచింది వాటిని కాపాడటానికి పనికొచ్చింది. ఖుదా ఖుద్రత్.

కాబట్టి పార్కులో పొద్దున్నే మంచి గాలి పీల్చేవాళ్ళం ఎవరమైనా, కావాలన్నా వద్దన్నా, ఆ ఇంటికి బాకీ ఉన్నాం. నడిచేవాళ్ళలో ఆ ఇంటి సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. పిల్లలు దాన్ని భూత్ బంగ్లా అంటారు. నాలుగేళ్ళ నా మేనల్లుడు "మామూ, అందులో జిన్ను ఉందా?" అని అడిగాడు. "లేదు బేటా, ఒక మెకానిక్ ఉండేవాడు" అన్నాను. వాడికి అది అస్సలు నచ్చలేదు.

ఇలా చెప్తుంటే నేను నిజాముల భజన చేస్తున్నాననుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళకోసం రెండో వైపు కూడా చెప్పడం నా ఫర్జ్.

చిరాన్ గోడల్లో ఉన్న డబ్బు ఎక్కడిది? నిజాముల రియాసత్‌లో సర్ఫె ఖాస్ అని ఉండేది. అంటే నిజాం సొంత ఖర్చు కోసం కేటాయించిన ఇలాఖా. రియాసత్ మొత్తంలో అది ఇంచుమించు పదో వంతు. అక్కడి శిస్తు ప్రభుత్వ ఖజానాకు కాదు, నేరుగా నిజాం ఖజానాకు పోయేది. శిస్తు కట్టింది ఎవరు? పత్తి, జొన్న పండించిన రైతులు. వాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు, ముస్లిం రైతులూ ఉన్నారు. చిరాన్ కట్టిన 1940 నాటికి తెలంగాణ పల్లెల్లో వెట్టి నడుస్తోంది. ఇంకో ఆరేళ్ళకు అదే రియాయా తిరగబడింది. ఆ వెట్టి చేసినవాళ్ళ మనవలు ఎవరైనా ఈ రోజు పార్కులో నడుస్తుంటే, "ఇది మా తాత చెమట" అనే హఖ్ వాళ్ళకు ఉంది. నేను కాదనలేను.

అలాగే నిజాం తఖ్త్ మీద ఉన్నంత మాత్రాన ముస్లింలందరూ నవాబులు కారు. దేవిడీల్లో ఉన్నవాళ్ళు గుప్పెడు మంది. ఆ దేవిడీల గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు, వంట చేసినవాళ్ళు, గుర్రాలు కడిగినవాళ్ళు, చిన్న చిన్న సర్కారీ నౌకరీలు చేసినవాళ్ళు వేలల్లో. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. అది జరగవలసిన పనే. కానీ జాగీర్దారుకు నష్టపరిహారం దొరికింది, జాగీర్దారు దగ్గర పనిచేసినవాడికి రోడ్డు దొరికింది. పాతబస్తీ గరీబీ అక్కడి నుంచి కూడా వచ్చింది. మా నానా వాళ్ళ అబ్బా అలా ఒక దేవిడీలో నౌకరీ పోగొట్టుకున్నవాడే. అందుకే నానా పదమూడేళ్ళకే స్పానరు పట్టాడు.

అయినా 1967 ఫిబ్రవరిలో ఉస్మాన్ అలీ ఖాన్ జనాజా చూడటానికి మా నానా పని మానేసి వెళ్ళాడు. రోడ్లన్నీ జనం. హిందువులు, ముస్లింలు అని లేకుండా లక్షల మంది. నానా ఏడ్చాడని నానీమా చెప్పేది. "ఆయన నీకేమిచ్చాడని ఏడ్చావ్?" అని నానీమా అడిగితే, "ఇచ్చినందుకు కాదే, ఒక జమానా పోయినందుకు" అన్నాడట. చిన్నప్పుడు ఆ మాట నాకు అర్థం కాలేదు. నౌకరీ పోయిన ఇంటి పిల్లవాడు నవాబు కోసం ఏడవడమేమిటి, బానిస బుద్ధి కాకపోతే, అని కాలేజీ రోజుల్లో వాదించేవాణ్ణి కూడా.

నాకు అర్థమైంది 2023 జనవరిలో.

ఆ నెల 14న ముకర్రం జా ఇస్తాంబుల్‌లో కన్నుమూశారు. తనను హైదరాబాద్‌లోనే పాతిపెట్టాలని ఆయన కోరిక. జనాజాను విమానంలో తెచ్చారు. 18న పొద్దున్న చౌమహల్లాలో ఆఖరి దీదార్ కోసం జనాన్ని రానిచ్చారు. నేనూ వెళ్ళి లైన్లో నిలబడ్డాను. ఎందుకు వెళ్ళానో అప్పుడు సరిగ్గా చెప్పలేను. నా ముందు ఒక ముసలాయన, షేర్వానీ మోచేతి దగ్గర చిరుగు కుట్టుకుని వచ్చాడు. వెనక ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఫోన్లు పట్టుకుని. కొంచెం అవతల బొట్టు పెట్టుకున్న ఒక ముసలామె, ఎవరి చెయ్యో పట్టుకుని నెమ్మదిగా వస్తోంది. అందరం ఎప్పుడూ చూడని మనిషిని చూడటానికి వచ్చాం. ఆ మధ్యాహ్నం ప్రభుత్వ లాంఛనాలతో ఆయనను మక్కా మసీదుకు తీసుకెళ్ళి, పూర్వీకుల పక్కన పాతిపెట్టారు. యాభై ఏళ్ళు పరాయి దేశాల్లో ఉన్న మనిషికి ఆఖరికి ఇక్కడి మట్టి దొరికింది. అతని తాత ఖలీఫాకు తన వతన్ మట్టి దొరకలేదు.

ఆ రోజు లైన్లో ఉన్నవాళ్ళెవరూ నిజాం రాజ్యం తిరిగి రావాలని కోరుకుని వచ్చినట్టు నాకు కనిపించలేదు. రాజు మంచివాడా చెడ్డవాడా అనే హిసాబ్ వేరు. అది వేయాల్సిందే, ఎవరికీ రియాయతీ లేకుండా వేయాల్సిందే. కానీ మనుషులు బతికిన కాలం ఒకటి ఉంటుంది. అందులో మన నానాలు, దాదీలు కూడా ఉన్నారు. ఆ కాలానికి మిగిలిన గుర్తులు పోతే వాళ్ళ బతుకులకు సాక్ష్యం కూడా పోతుంది. నానా ఏడ్చింది అందుకే అయి ఉంటుంది. పాపం, కాలేజీ రోజుల్లో ఆయన్ను చాలా మాటలన్నాను. అల్లాహ్ ఆయనకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక.

మళ్ళీ చిరాన్ దగ్గరికి వద్దాం.

మన దీన్‌లో అమానత్ అని ఒక మాట ఉంది. ఇంకొకరు మన దగ్గర దాచుకోమని ఇచ్చిన వస్తువు. దాన్ని వాడుకోవడం కాదు, పాడుకాకుండా చూసి తిరిగి ఇవ్వడం మన బాధ్యత. చిరాన్ అడవిని అమానత్ అనే అనుకుంటాను. షహజాదాది అనుకుంటే గోడ కడతాడు. ప్రభుత్వానిది అనుకుంటే ఏదో ఒక రోజు ఫైలు కదులుతుంది. పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టాలన్న మాట వచ్చినప్పుడు, 2016లో, ఈ షహర్ జనం చెట్ల దగ్గర నిలబడి కొట్టొద్దన్నారు. వాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. అప్పుడు "ఇది ఎవరి పార్కు" అని ఎవరూ అడగలేదు. చెట్ల విషయంలో మనకు అంత సాఫ్‌గా తెలిసిన సంగతి ఇంటి విషయంలో ఎందుకు తెలియడం లేదు?

చెట్టును చూస్తే "మనది" అంటాం. ఇల్లును చూస్తే "మీవాళ్ళది" అంటాం. చెట్టు మీద ఎవరి పేరూ ఉండదు, ఇంటి మీద ఉంటుంది. తేడా అంతే. కానీ ఈ చెట్టు మిగిలింది ఆ ఇల్లు ఉండటం వల్ల. ఒకదాన్ని ఒప్పుకుని ఇంకోదాన్ని పరాయిది చేస్తే లెక్క కుదరదు.

ఇది నా ఒక్కడి ఖ్వాహిష్: ఆ ఇల్లు హోటలు కావద్దు. నెమళ్ళ మధ్య పెళ్ళి విందులూ డీజేలూ వద్దు. కూలిపోయేదాకా చూస్తూ కూర్చోవడమూ వద్దు. కప్పు కురవకుండా బాగుచేసి, గోడలు నిలబెట్టి, ఏడాదిలో కొన్ని రోజులు బడిపిల్లలను చిన్న చిన్న జట్లుగా తీసుకెళ్ళి చూపిస్తే చాలు. పార్కు గేటు దగ్గర తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో ఒక బోర్డు పెట్టి నాలుగు ముక్కలు రాస్తే చాలు. ఈ గుట్టల మీద బంజారాలు ఉండేవారు. ఇక్కడ రైతుల శిస్తు డబ్బుతో ఒక ఇల్లు లేచింది. ఇందులో తఖ్త్ లేని ఒక నిజాం ఇంజన్లు బాగుచేసుకుంటూ ఉన్నాడు. ఆ ఇంటి చుట్టూ మిగిలిన అడవి ఇప్పుడు మీది. అబద్ధం ఒక్కటీ అక్కర్లేదు, తారీఫ్ కూడా అక్కర్లేదు.

మర్నాడు పొద్దున్న పార్కులో ఇంజినీరు గారు మళ్ళీ కలిశారు. ఈసారి నేనే ఆపాను. "సార్, నిన్న మీరు మావాళ్ళది అన్నారు కదా, ఒక మాట చెప్పనా" అని మొదలుపెట్టి, సర్ఫె ఖాస్ దగ్గర్నుంచి మా నానా స్పానరు దాకా నడుస్తూ నడుస్తూ చెప్పాను. ఆయన మధ్యలో ఒక్క మాటా అడ్డురాలేదు. అంతా విని, "మా తాతది మెదక్ దగ్గర పల్లె. పటేలు ఇంట్లో వెట్టి చేశాడు. చిన్నప్పుడు చెప్పేవాడు, మరిచిపోయాను" అన్నారు.

ఇద్దరం కాసేపు మాట్లాడకుండా నడిచాం. చెట్ల లోపల ఎక్కడో నెమలి అరిచింది.

"అయితే భాయ్, మీ నానా, మా తాతా ఇద్దరూ దీని లోపలికి పోలేదన్నమాట" అన్నారాయన.

"పోలేదు సార్."

"మనం పోదాం ఎప్పుడైనా. తెరిస్తే."

ఇన్షా అల్లాహ్ అన్నాను.